1-1 ముందా, 11 ముందా

మే 14, 2024. మంగళవారం

నిన్నటి ఓటు సిరా గోరు మీద ఇంకా నల్లగానే ఉంది. ఆఫీసుకి రాగానే పాత సర్వర్‌లో అప్‌టైమ్ చూశా. 1,126 రోజులు. మూడేళ్ళుగా ఒక్కసారి కూడా ఆగలేదు. గర్వపడాలో భయపడాలో తెలియని అంకె.

దాంట్లో ఉన్న సెంటాస్ 7కి సపోర్ట్ జూన్ 30తో ఆఖరు. ఇంకా నలభై ఏడు రోజులు. పెట్టె మీద సార్ చేతిరాత అలాగే ఉంది, స్కెచ్ పెన్ను రంగు వెలిసింది గానీ. "ముట్టుకోవద్దు".

ఆయన రిటైరై రెండేళ్ళు. నేను ముట్టుకోలేదు. అది ఓపికా, బద్ధకమా?

మే 17. శుక్రవారం

సార్ మాట గుర్తొచ్చింది. 2020 డిసెంబరు 8. 2029 దాకా ఉంటుందన్న సెంటాస్ 8ని, సెంటాస్ వాళ్ళే ఇంకో ఏడాదితో సరి అన్నారు. అప్పటికి సగం ఊరు 8కి మారిపోయింది. సార్ టీ గ్లాసు తిప్పుతూ, "చూశావా, తొందరపడనివాడే బతికాడు" అన్నారు.

బతికాం నిజమే. ఇప్పుడు మాత్రం పరుగెత్తాలి.

సెంటాస్ బదులు రాకీ 8 అనుకున్నా. రాకీ అంటే సినిమా పేరు అనుకునేదాన్ని ఇన్నాళ్ళూ. సెంటాస్ మొదలెట్టినవాళ్ళలో ఒకాయన పేరట. ఆయన లేడు. పేరు మాత్రం ఎన్ని వేల పెట్టెల్లో తిరుగుతోందో.

మే 20. సోమవారం

డంప్ తీసి కొత్తదాంట్లోకి ఎక్కించి చూశా. నాలుగు గంటల పది నిమిషాలు. నాలుగు జాబులు పెట్టినా అంతే. ఒక్క డెలివరీ టేబులే సగం మేర ఉంది, తొమ్మిదేళ్ళ పాలు. పాతవి పక్కన పెడదామంటే అకౌంట్స్ వాళ్ళు ససేమిరా.

నాకున్నది మూడు గంటలు. రాత్రి 11కి ఆర్డర్లు మూస్తాం, రెండింటికి రూట్ షీట్లు ప్రింటవ్వాలి, మూడున్నరకి బండ్లు కదలాలి. పాలు ఆగవు. మనుషులైనా ఆగుతారు గానీ.

కాబట్టి డంప్ వద్దు. పాతదాన్నుంచి కొత్తదానికి రెప్లికా పెట్టి, ఉన్నదున్నట్టు ఎత్తుకెళ్ళి, అక్కడ పోస్ట్‌గ్రెస్ 12ని 16 చేసెయ్యడం. లింక్ పద్ధతిలో అయితే అది నిమిషాల పని. తెలివైన దారి. లెక్క వేసుకుంటుంటే నాకే ముచ్చటేసింది.

మే 26. ఆదివారం

మొదటి రిహార్సల్. రూట్ షీట్ స్క్రిప్ట్ మొదటి లైన్లోనే పడింది. పైథాన్ 2. ప్రింట్ పక్కన బ్రాకెట్లు లేని కాలం నాటిది. సార్ రాసింది. మధ్యలో ఒక కామెంటు, "ఇది తాత్కాలికం, తర్వాత మార్చాలి". తేదీ 2015 ఆగస్టు.

స్క్రిప్ట్ సరిచేస్తే షీట్ వచ్చింది. కాలనీ పేర్ల బదులు వరసగా ఖాళీ డబ్బాలు. తెలుగు ఫాంటే లేదు కొత్తదాంట్లో. లోహిత్ ఎక్కించా. డబ్బాలు కాస్తా అక్షరాలయ్యాయి. పది నిమిషాలు ఊరికే చూస్తూ కూర్చున్నా.

ఇవి రెండూ ఆ రాత్రి బయటపడి ఉంటే?

జూన్ 4. మంగళవారం

ఆఫీసంతా టీవీ ముందే. ఓట్ల లెక్కింపు. నాకది మంచి అదను, ఎవరూ అడ్డం రారు. రెండో రిహార్సల్.

రెండింటికి రావాల్సిన షీట్లు ఏడున్నరకి వచ్చాయి. అయిదున్నర గంటల తేడా అనగానే నవ్వొచ్చింది. కొత్త పెట్టె గ్రీన్‌విచ్ కాలంలో బతుకుతోంది. మన ఊరికి తెచ్చా.

జాబితాలో 31వది ఇది. ఇంకెన్ని ఉన్నాయో.

జూన్ 12. బుధవారం

సార్‌కి ఫోన్ చేశా. కాకినాడలో ఉన్నారు. వెనక కాకులు, ప్రెషర్ కుక్కర్.

"డంప్ తీసి ఎక్కిస్తున్నావా అమ్మా, ఉన్నదున్నట్టు ఎత్తుకెళ్తున్నావా?"

ఎత్తుకెళ్తున్నాను సార్, టైం లేదు అన్నా.

కాసేపు ఏమీ అనలేదు. "సరే, చూసుకో."

ఆ కాసేపు ఏమిటి? కుక్కర్ కూత కోసం ఆగారేమో.

జూన్ 18. మంగళవారం

ఎండీ గారు రాత్రి పెట్టిన మెసేజ్. ఆషాఢం రాకముందే కానిచ్చెయ్యమ్మా. మంగళవారం వద్దు, శనివారం వద్దు. మిగిలింది 26, బుధవారం. పంచాంగం, సపోర్ట్ క్యాలెండరు ఒకే తేదీ మీద ఒప్పుకోవడం ఇదే మొదటిసారి చూడ్డం.

జాబితా 43కి చేరింది. ప్రింట్ తీసి గోడకి అంటించా. ఆఫీసులో అందరూ వచ్చి చూసి వెళ్తున్నారు. కాల్ సెంటర్ కుర్రాడొకడు, నల్లగొండ అబ్బాయి, "మేడమ్, ఇన్ని చేసినంక ఏం పోతది?" అన్నాడు.

నచ్చింది ఆ మాట.

జూన్ 27. గురువారం. తెల్లవారుజాము

4.20. నిద్ర రావడం లేదు.

11.02కి ఆర్డర్లు మూశాం. పాతదాన్ని ఆపడానికి చెయ్యి వెళ్ళలేదు ఒక్క క్షణం. నిమ్మకాయ పెట్టారు వాచ్‌మన్ అన్న, కుంకుమ కూడా, కొత్తదాని ర్యాక్ మీద. కాదనలేదు. 43లో లేని అంశం.

రెప్లికాని ప్రమోట్ చేశా. అప్‌గ్రేడ్‌కి ముందు చెక్, అన్నీ ఓకే. లింక్. ఒకసారి కొత్తది స్టార్ట్ చేశాక ఆ పెట్టెలో 12కి వెనక్కి దారి లేదు. కొట్టేశా. కాన్ఫిగ్ ఫైళ్ళు దానంతటది తేదు, చేత్తో పెట్టా. గణాంకాలు కూడా తేదు, అనలైజ్ నడిపా. 12.14కి అంతా అయిపోయింది. ఒక్క హెచ్చరికా లేదు, లాగ్ అద్దంలా ఉంది.

డంప్‌తో అయితే ఇంకా అక్కడే ఉండేదాన్ని.

రెండింటికి ప్రింటర్ కదిలింది. కాలనీ పేర్లు, గుండ్రంగా, తెలుగులో. మూడున్నరకి బండ్లు. నేను గేటు దగ్గర నిలబడి లెక్కపెట్టా, పెళ్ళివారిని పంపినట్టు.

జూన్ 28. శుక్రవారం

పూతరేకులు తెప్పించారు ఎండీ గారు. సార్‌కి మెసేజ్ పెట్టా. బొటనవేలు గుర్తు వచ్చింది. అంతే.

గోడ మీది జాబితా పీకలేదు. 43 టిక్కులు. చూసుకోవాలనిపిస్తోంది.

జూన్ 30. ఆదివారం

రాత్రి మనవాళ్ళు క్రికెట్ కప్పు గెలిచారు. వీధంతా టపాసులు. పొద్దున ఎవరికీ నిద్రలు తీరలేదు.

ఇవాళ్టితో సెంటాస్ 7కి చెల్లు. ఎవరూ ఏడవలేదు. నేనూ ఏడవలేదు.

పై వాటా ఆంటీ ఒక పాల ప్యాకెట్ ఇచ్చి వెళ్ళింది. "మీవాళ్ళు రెండేశారమ్మా, నాకెందుకు." తోడుపెట్టేశా.

జూలై 1. సోమవారం

పాతదాంట్లో సరదాకి యమ్ అప్‌డేట్ కొట్టా. సెంటాస్ మిర్రర్ పేరే దొరకడం లేదంది. గడువు దాటి ఒక్క రోజు. ఇంటి తాళం అంత తొందరగా మారుస్తారా ఎవరైనా?

సాయంత్రం అంతటా ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ గోల. పాస్‌వర్డ్ లేకుండానే బయటి నుంచి రూట్‌గా దూరొచ్చట. పరుగున చూశా. 8.5 నుంచి 9.7 దాకా చిక్కు. మా రాకీ 8లో ఉన్నది 8.0. పాత పెట్టెలో 7.4, దానికీ ఏం కాదు. ముసలిదాన్ని నిన్న పాతిపెట్టి ఇవాళ దానికి ఆరోగ్య ధ్రువపత్రం చదువుతున్నా.

9కి వెళ్ళి ఉంటే ఇవాళ రాత్రి మళ్ళీ జాగారమే. అదృష్టం కూడా ఒక నైపుణ్యమే అనిపించే రోజులు కొన్ని ఉంటాయి.

జూలై 3. బుధవారం

ఫిర్యాదులు. రీచార్జ్ చేశాం, పాలు రాలేదు అని కొందరు. రెండేసి వేస్తున్నారని కొందరు. వరసగా నాలుగు రోజులట. నాదాకా ఇవాళే వచ్చింది.

చూస్తే ఒకే డోర్ నంబరుకి ఇద్దరేసి కస్టమర్లు. పాతదొకటి, కొత్తదొకటి. రీచార్జ్ కొత్తదానికి పడింది, దానికి రూట్ లేదు. పాతదాంట్లో డబ్బు అయిపోయింది, పాలు ఆగాయి. కొత్తవి ఎక్కువగా ఒకే లాగిన్ నుంచి. నల్లగొండ అబ్బాయిది.

మీటింగులో నన్నడిగారు, సర్వర్ వల్లనా అని. కాదన్నాను. లాగ్ అద్దంలా ఉందన్నాను. ఎంట్రీలో తప్పు అన్నాను.

అతన్ని పిలిచారు. "మేడమ్, నేను రెండుసార్లు కొట్టలే. వెతికితే లేదన్నది. లేదంటేనే కొత్తది చేసిన." డోర్ నంబరు మీద యూనిక్ ఉంది బాబూ, ఉన్నదాన్ని మళ్ళీ చేయనివ్వదు, నువ్వు స్పేసో చుక్కో కలిపి ఉంటావు అన్నాను. ఎంతో ఓపిగ్గా చెప్పాను కూడా. బడిపిల్లాడికి చెప్పినట్టు.

తలొంచుకుని వెళ్ళాడు.

జూలై 6. శనివారం

ఆషాఢం మొదలు. కొత్తవేవీ మొదలెట్టకూడని నెల.

ఆ అబ్బాయి నిన్నట్నుంచి రావడం లేదట. ఈ నెల జీతంలో కోత అన్నారట. "పోతే పోయాడు" అన్నారు సూపర్‌వైజర్. డూప్లికేట్లు మాత్రం ఇవాళ కూడా 9 వచ్చాయి. వేరే లాగిన్ల నుంచి.

స్పేసూ లేదు. చుక్కా లేదు. అచ్చంగా ఒకటే.

యూనిక్ ఉండగా ఎలా?

ఆ ప్రశ్న పక్కన పెట్టి ఇంటికొచ్చా. ఎందుకు పక్కన పెట్టాను?

జూలై 9. మంగళవారం. రాత్రి

ఇంట్లో అందరూ పడుకున్నాక లాప్‌టాప్ తీశా. ఎవరివో ఎందుకని నా డోర్ నంబరే కొట్టా. మా ఇంటికి పాలు తొమ్మిదేళ్ళుగా మా కంపెనీవే.

సున్నా వరసలు.

మళ్ళీ కొట్టా. సున్నా.

ఫ్రిజ్‌లో ఇవాళ పొద్దుటి ప్యాకెట్ ఉంది. షీట్‌లో పేరుంది. వెతికితే లేను.

ఇండెక్స్ వాడొద్దని సెట్ చేసి, అదే ప్రశ్న మళ్ళీ అడిగా. మొత్తం టేబుల్ వరసగా తిరిగి చూసి వచ్చింది.

ఉన్నాను.

"వెతికితే లేదన్నది."

జూలై 10. బుధవారం

రెండు పెట్టెల్లోనూ ఒకటే పరీక్ష. 1-1 అని ఒక లైను, 11 అని ఒక లైను. వరసలో పెట్టమన్నా.

పాతది 11 ముందు పెట్టింది. కొత్తది 1-1 ముందు పెట్టింది.

అంతే.

అక్షరాల వరస తేల్చేది జీలిబ్‌సీ అనే లైబ్రరీ. పాత పెట్టెలో అది 2.17. అక్షరాలు పోల్చేటప్పుడు అడ్డగీతని మొదట పట్టించుకోదు, వేరే తేడా ఏమీ లేకపోతేనే చూస్తుంది. 2.28 నుంచి ఆ లెక్క మారింది. 2018 ఆగస్టు. పాత వరసలో కట్టిన ఇండెక్సుని ఉన్నదున్నట్టు తెచ్చి కొత్త వరస తెలిసినవాడి చేతికిచ్చా. వాడు ఎడమకి వెళ్ళాల్సిన చోట కుడికి వెళ్ళి, లేదని తిరిగొచ్చాడు. వెతికినప్పుడు అంతే, యూనిక్ చూసేటప్పుడూ అంతే. వాడు అబద్ధం చెప్పలేదు. వాడికి తెలిసిన దారిలో నిజంగానే లేదు.

డంప్ తీసి ఎక్కిస్తే ఇండెక్సులు అక్కడే కొత్తగా కట్టుకునేవి. ఏ గొడవా లేదు. నాలుగు గంటల పది నిమిషాలు.

అమెరికా వాడి పట్టికలో అడ్డగీత ఎన్నిసార్లు వస్తుందో గానీ, హైదరాబాద్‌లో అడ్డగీత లేని ఇల్లేది? వార్డు గీత, బ్లాకు గీత, ఇల్లు, ఆపైన ఏటవాలు గీత, బి, మళ్ళీ గీత. ఊరు ఊరంతా ఆ గీతల మీదే నిలబడి ఉంది.

పోస్ట్‌గ్రెస్ వాళ్ళు ఎప్పుడో రాసిపెట్టారు ఇదంతా. ఈ 1-1, 11 పరీక్షతో సహా. ఆరేళ్ళుగా తెలిసిన సంగతి. నా 43లో లేదు.

సార్ అడిగింది ఇదేనా?

జూలై 12. శుక్రవారం. తెల్లవారుజాము

ఎండీ గారికి "చిన్న మెయింటెనెన్స్" అని చెప్పా. చిన్న అన్న మాట నాదే.

ఇండెక్సుల్ని పరీక్షించే అమ్‌చెక్‌తో అన్నీ చూశా. అక్షరాలున్న ఇండెక్సులు 61. అందులో 14 చెడ్డవి. మిగతావాటిల్లో అడ్డగీతలు లేవు కాబట్టి బతికాయి, అంతకన్నా గొప్పతనం ఏమీ లేదు వాటిది.

ముందే రీఇండెక్స్ కొడితే ఒప్పుకోలేదు. డూప్లికేట్ ఉందంది. ఇప్పుడు కనిపించాయి దానికి! ఒక్కొక్క జంటనీ కూర్చుని కలిపా. 212. ఏ రీచార్జ్ ఎటు పడింది, ఏ ప్యాకెట్ ఎవరికి బాకీ. పై వాటా ఆంటీ కూడా ఉంది, 87వది.

జంటలు కలపడానికి రెండు రాత్రులు. రీఇండెక్స్‌కి 38 నిమిషాలు.

జూన్ 26 రాత్రి 12.14 నుంచి రెండింటి దాకా ఖాళీగా కూర్చున్నా. టీ తాగా. సెల్ఫీ కూడా తీసుకున్నా.

జూలై 13. శనివారం

రిపోర్ట్. మొదటి వాక్యం, "సాంకేతిక కారణాల వల్ల డూప్లికేట్లు ఏర్పడ్డాయి". ఏర్పడ్డాయి. వాన నీటికి పాచి ఏర్పడినట్టు.

కొట్టేశా.

"అప్‌గ్రేడ్ పద్ధతి నేను ఎంచుకున్నాను. ఇండెక్సులు మళ్ళీ కట్టలేదు. కాల్ సెంటర్‌లో ఎవరి తప్పూ లేదు. 3వ తేదీ మీటింగులో నేను చెప్పింది తప్పు."

నాలుగు వాక్యాలకి మధ్యాహ్నం అంతా పట్టింది.

జూలై 15. సోమవారం

ఎండీ గారు చదివారు. అద్దాలు తీసి, "ఇప్పుడెందుకమ్మా ఇదంతా, సర్దుకుంది కదా" అన్నారు. మంచివాళ్ళే. నాకు పూతరేకులు తెప్పించినవాళ్ళే.

ఆ అబ్బాయి జీతం కోత వెనక్కి ఇమ్మన్నా. ఇస్తానన్నారు. వచ్చి తీసుకోమనండి అన్నారు.

రిపోర్ట్ ఎవరికీ పంపలేదు ఆయన. నేనూ పంపలేదు, మొదట. నాలుగింటికి అందరికీ పంపా. సూపర్‌వైజర్ కారిడార్‌లో ఎదురై ఫోన్ చూసుకుంటూ వెళ్ళిపోయాడు.

జూలై 19. శుక్రవారం

మధ్యాహ్నం నుంచి లోకమంతా కంప్యూటర్లలో నీలం తెర. ఎవరో పంపిన ఒక్క అప్‌డేట్. శంషాబాద్‌లో బోర్డింగ్ పాస్ చేత్తో రాసిచ్చారట, ఫొటో అందరి ఫోన్లలో తిరుగుతోంది. నీటుగా ఉంది ఆ చేతిరాత.

ఆఫీసులో నవ్వులు. "మనవాళ్ళు నయం" అన్నారెవరో, నన్ను చూసి. నవ్వలేకపోయా. ఆ ఫైలు పంపిన చేయి ఎవరిదో, ఇవాళ రాత్రి వాళ్ళింట్లో అన్నం ఎవరు పెడతారో.

వాళ్ళూ పరీక్షలు చేసే ఉంటారు కదా. వాళ్ళకీ గోడ మీద జాబితా ఉండే ఉంటుంది.

జూలై 21. ఆదివారం

లష్కర్ బోనాలు. సికింద్రాబాద్ రోడ్లన్నీ బంద్. డప్పుల మోత ఇక్కడిదాకా.

ఆ అబ్బాయికి ఫోన్ చేశా. మూడోసారికి ఎత్తాడు. బైక్ ట్యాక్సీ నడుపుతున్నాడట. వెనక హారన్లు. చెప్పాల్సిందంతా కాగితం మీద రాసుకుని కూర్చున్నా, మధ్యలో వరస తప్పింది. తప్పు నాదీ, నువ్వు చెప్పింది నిజం, వెతికితే నిజంగానే లేదు అన్నాను.

"సరే మేడమ్."

జీతం ఉంది, వచ్చి తీసుకో, మళ్ళీ చేరతానన్నా మాట్లాడతా అన్నాను.

"పర్వాలేదు మేడమ్. రైడ్ వచ్చింది, పెడత."

తిట్టి ఉంటే బాగుండేది. నాకు బాగుండేది.

ఆగస్టు 2. శుక్రవారం

సార్ ఫోన్. రిపోర్ట్ ఎవరో పంపారట ఆయనకి.

అడిగేశా. ఆ రోజు మీకు తెలిసే అడిగారా సార్ అని.

"లేదమ్మా. నాకు తెలిస్తే చెప్పనా? మా రోజుల్లో అంతా డంపే, వేరే దారి తెలీదు. అందుకని అడిగా."

తర్వాత ఇంకో మాట. "ఆ పెట్టె మీద రాసింది నాకోసం రాసుకున్నానమ్మా. నీకోసం కాదు. ఒకసారి రీబూట్ చేస్తే లేవలేదు, రాత్రంతా ఏడ్చినంత పని అయింది."

తొమ్మిదేళ్ళు నేను దాన్ని ఆజ్ఞ అనుకున్నా.

ఆగస్టు 13. మంగళవారం

పాత సర్వర్ డిస్కులు తుడిచేశాం. తీగలు పీకేశాం. ఫ్యాన్ ఆగాక గదిలో ఏసీ చప్పుడు ఇంత ఉంటుందా అనిపించింది. వెనక బల్లి గుడ్లు రెండు. వాచ్‌మన్ అన్న పేపర్లో పెట్టి పట్టుకెళ్ళారు. వేడికి పొదుగుతాయన్నారు, ఇప్పుడు వేడెక్కడిది?

స్కెచ్ పెన్ను స్టిక్కర్ గోటితో గీకా. సగమే వచ్చింది. "ముట్టు" నా దగ్గర, "కోవద్దు" దాని మీద.

ఆగస్టు 15. గురువారం

రేపు వరలక్ష్మీ వ్రతం. ఆర్డర్లు మామూలు రోజుకి రెండింతలు. పరమాన్నాలు. సెలవైనా వచ్చా, మానిటర్ ముందు కూర్చున్నా.

పోస్ట్‌గ్రెస్ 16లో చిన్న విడుదల ఒకటి వచ్చింది ఈ నెల్లోనే. ఎక్కించాలి. కొత్త జాబితాకి కాగితం తీశా. మొదటి లైను రాసుకున్నా, 1-1, 11.

రెండోది, వాడకంలో లేని లాగిన్లు మూసెయ్యడం. తీస్తే అయిదున్నాయి. నాలుగు మూశా.

అయిదోది నల్లగొండ అబ్బాయిది. చివరిసారి వాడింది జూలై 4, సాయంత్రం 6.41. వెతికింది ఒక డోర్ నంబరు. మూడుసార్లు. సున్నా, సున్నా, సున్నా.

కొత్త ఎంట్రీ చెయ్యలేదు ఆ రోజు. మూసేసి వెళ్ళిపోయాడు.

జీతం కవరు నా డ్రాయర్‌లోనే ఉంది. లాగిన్ ఇవాళ్టికి అలా ఉంచా.